పాడవలేదు, సతాయిస్తోంది అంతే

ఆ రోజుల్లో మా ఇంట్లో ఏ వస్తువూ పాడయ్యేది కాదు. మేం అంత ఖరీదైనవి కొన్నామనో, అంత జాగ్రత్తగా వాడామనో అనుకునేరు. పాడైందని ఒప్పుకోవడానికి మా నాన్న సిద్ధంగా ఉండేవారు కాదు, అంతే. హైదరాబాదు అశోక్‌నగర్‌లో ఓ పాత డాబా ఇంటి పై వాటాలో కిరాయికి ఉండేవాళ్ళం. తాతగారు ఉద్యోగం మీద గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారు కాబట్టి ఇంట్లో మాట్లాడుకునేది ఆ వైపు తెలుగే. మెట్లు దిగితే మాత్రం ఇంకో తెలుగు. ఆ కింది తెలుగులోంచి మెట్లెక్కి మా ఇంట్లోకి వచ్చి, పీట వేసుకుని కూర్చున్న మాట ఒకటుంది. సతాయించడం.

ఈ మాట తెలియని హైదరాబాదీ ఉండడు. అర్థం చెప్పమంటే మాత్రం అందరూ తడుముకుంటారు. పాడవడం వేరు, ఖరాబవడం వేరు, అవి తేలిపోయిన వ్యవహారాలు. మా అమ్మ వైపు వాళ్ళు బండి మొరాయించింది అంటారు. మొరాయించిన బండి అక్కడే నిలబడిపోతుంది, మనం ఆటో ఎక్కి వెళ్ళిపోవచ్చు. సతాయించేది అలా కాదు. అది పనిచేస్తుంది. కాకపోతే మన చేత బతిమాలించుకుని పనిచేస్తుంది. నారాయణగూడ చౌరస్తాలో ఆకుపచ్చ దీపం వెలిగాక ఎవరో ఒకాయన కిక్కు మీద కిక్కు కొడుతూ ఉంటాడు. వెనక వాళ్ళంతా హారన్లు మోగిస్తూ ఉంటారు. పక్క బండి ఆయన "ఏమైందన్నా?" అంటాడు. "ఏం లే, జర సతాయిస్తున్నది" అని జవాబు. అక్కడితో సరి. ఎప్పటినుంచి అని గానీ ఎందుకు అని గానీ ఎవరూ అడగరు, ఎందుకంటే అడిగేవాడి బండి కూడా అదే పనిలో ఉంటుంది. బండే కానక్కర్లేదు. ఫోను సతాయిస్తుంది, పన్ను సతాయిస్తుంది, వానాకాలంలో మోకాలు సతాయిస్తుంది. మా ఓనరమ్మ అయితే "రెండు దినాల సంది నల్లా సతాయిస్తున్నది, మా పెద్దోడు గూడ సతాయిస్తుండు" అని కుళాయీ కొడుకూ, ఇద్దరి సంగతీ ఒకే ఊపిరిలో చెప్పేసేది.

నాన్న తన గుంటూరు తెలుగులోకి మనస్ఫూర్తిగా చేర్చుకున్న హైదరాబాదు మాట ఇదొక్కటే. అందులో ఖర్చు లేదు కదా మరి. "పాడైతే బాగు చేయించాలి. సతాయిస్తే మనమే కాస్త సర్దుకోవాలి" అనేవారు. హాల్లో ఫ్యాను స్విచ్ వేస్తే మూలిగేది కానీ తిరిగేది కాదు. బూజు కర్రతో ఒక రెక్కని మెల్లిగా తోస్తే అప్పుడు అందుకునేది. ఆ కర్ర సోఫా వెనకే ఉండేది. మిక్సీకి జార్‌ని కాస్త పక్కకి తిప్పి నిలబెట్టి, ఎడమ అరచేత్తో మూత అదిమి, పొట్టతో మిక్సీని గోడకి నొక్కి, ఒక్కసారిగా రెండో స్పీడుకి తిప్పాలి. (మొదటి స్పీడు మాకు పరిచయం లేదు.) కాలింగ్ బెల్ నొక్కితే బటన్ లోపలే ఉండిపోయి మోగుతూనే ఉండేది, ఎవరో ఒకరు పరిగెత్తుకెళ్ళి గోటితో బయటికి లాగాలి. ఆ పని మా తమ్ముడిది. ఇక బాత్రూం తలుపు కిందికి జారిపోయింది కాబట్టి, లోపలికెళ్ళాక పాదం అడుగున పెట్టి పైకి లేపి, భుజంతో ఒక్క నెట్టు నెడితే తప్ప గడియ పడేది కాదు. మాకివన్నీ అలవాటై, చేస్తున్నామని కూడా తెలిసేది కాదు. అమ్మని ఎవరైనా జాలిగా "ఎలా నెట్టుకొస్తున్నారండీ" అంటే, "ఇన్నేళ్ళుగా ఆయనతో సర్దుకున్నాను, మిక్సీ ఎంత" అనేది. నాన్న అది విననట్టు పేపరు తిప్పేవారు.

ఇలాంటి ఇంట్లో పెరిగిన నేను, డిగ్రీ అయ్యాక హిమాయత్‌నగర్‌లో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో చేరాను. అక్కడే ఇప్పటి మా ఆయన నా పక్క కుర్చీలో ఉండేవాడు. అడిక్‌మెట్ కుర్రాడు. కూడికలు నిదానంగా, మాటలు ఇంకా నిదానంగా. సాయంత్రాలు నారాయణగూడ దాకా నడిచి ఇరానీ చాయ్ తాగడం, చాయ్ అయిపోయాక కూడా ఖాళీ కప్పులు పట్టుకుని కూర్చోవడం, ఇలా కొన్నాళ్ళు గడిచాక ఒకరోజు తనే అన్నాడు. "మా అమ్మకు చెప్పిన. ఆదివారం మీ ఇంటికొస్త అన్నది."

 అతని చిన్నప్పుడే వాళ్ళ నాన్న పోయారు. వాళ్ళమ్మ సిటీ బస్సులో కండక్టర్‌గా చేస్తూ ఒక్కర్తే పెంచింది. "ఆవిడేమంటారో?" అన్నాను. "అమ్మ అవునంటే అవును. వద్దంటే మళ్ళ అడుగుడు ఉండదు. నేను గూడ అడగ." ఇది చెప్తున్నప్పుడు వాడి మొహంలో నా మీద ప్రేమ కన్నా వాళ్ళమ్మ మీద భయమే ఎక్కువగా కనిపించింది. నాకు కోపం కూడా రాలేదు, ఎందుకంటే ఆ భయం చూస్తే నాకూ భయం పట్టుకుంది. ఆదివారం పొద్దున ఆవిడ మా ఇంట్లో ఓ గంట కూర్చుంటుంది. ఆ గంటలో నా జీవితం తేలిపోతుంది. అదీ సంగతి.

ఇంటికెళ్ళి చెప్పాను. అమ్మ వెంటనే పెసరట్టు, ఉప్మా, అల్లం పచ్చడి అని ఖాయం చేసేసింది. నాన్న కూడా సంతోషంగానే విన్నారు. అప్పుడు నా కళ్ళు సోఫా వెనక ఉన్న బూజు కర్ర మీద పడ్డాయి. అంతే, ఎక్కడ లేని దుఃఖమూ తన్నుకొచ్చింది.

"ఆవిడ ముందు కర్ర పెట్టి ఫ్యాను తిప్పుతారా నాన్నా? బాత్రూంకి వెళ్తానంటే పాదం ఎలా పెట్టాలో నేర్పిస్తారా?" అని అడిగాను.

"అవి పాడవలేదమ్మా, సతాయిస్తు..."

"ఆ మాట ఇంక అనకండి. మనల్ని పిసినారులనుకుంటారు. మా అబ్బాయి ఈ ఇంటి అల్లుడా అనుకుంటారు." ఇంకా చాలా అన్నాను. ఇంత వయసొచ్చాక అవన్నీ రాయడానికి చెయ్యి ఆడటం లేదు. నాన్న చెప్పులేసుకుని చిక్కడపల్లి వెళ్ళి, టెస్టర్ అన్నని తీసుకొచ్చారు. (చొక్కా జేబులో పెన్ను బదులు టెస్టర్ ఉంటుంది కాబట్టి ఆ పేరు. అసలు పేరు అతని ఇంట్లో వాళ్ళకైనా గుర్తుందో లేదో.)

శనివారం ఒక్క మధ్యాహ్నంలో అతను అన్నీ బాగుచేసేశాడు. ఫ్యానుకి ఏదో చిన్న డబ్బాలాంటిది మార్చాడు, మిక్సీ అడుగున అరిగిపోయిన రబ్బరు ముక్క మార్చాడు, బెల్లు బటన్ మార్చాడు, బాత్రూం తలుపు బందులు బిగించి తిన్నగా నిలబెట్టాడు. "అన్నీ చిన్న చిన్నయే సార్. గిన్నేండ్లు ఎట్ల నడిపిండ్రు?" అన్నాడు. నాన్న ఇబ్బందిగా నా వైపు చూసి, నోటిదాకా వచ్చిన ఆ మాటని మింగేశారు. సాయంత్రం ఫ్యాను వేస్తే గోడ మీద క్యాలెండర్ రెపరెపలాడి ఊడిపడింది. మేమంతా కింద నిలబడి, ఎవరింటికో వచ్చినట్టు దాని వైపు చూశాం. అంత గాలికి నాన్న తలనొప్పిగా ఉందంటూ లోపలికెళ్ళిపోయారు. నేను మాత్రం ఇక ఏ భయమూ లేదనుకుని హాయిగా పడుకున్నాను.

ఆదివారం పొద్దున్నే పట్టుచీర కట్టుకున్నాను. బెల్లు మోగింది. ఒక్కసారి మోగి, మర్యాదగా ఆగిపోయింది. మా తమ్ముడికి ఆ ఆగడం వినిపిస్తేనా. వాడి కాళ్ళు వాడి ప్రమేయం లేకుండానే పరిగెత్తాయి. తలుపు తీసి, గుమ్మంలో నిలబడ్డ తల్లీకొడుకుల మొహం కూడా చూడకుండా, పక్కకి వంగి గోటితో బటన్ లాగాడు. కొత్త బటన్ కదా, చేతిలోకి ఊడొచ్చింది. వాడు దాన్ని జేబులో వేసుకుని, "నమస్తే అండీ, లోపలికి రండి" అన్నాడు. ఆవిడ ఆ జేబు వైపు ఒకసారి చూసి లోపలికొచ్చింది. సన్నగా, నిటారుగా ఉంది. నీలం నేత చీర. మనిషిని ఒక్క చూపులో చదివేసే కళ్ళు. నేను నమస్కారం పెడితే తలూపింది, నవ్వలేదు.

"కూర్చోండమ్మా, కూర్చోండి. ఎండన పడి వచ్చారు" అంటూ నాన్న స్విచ్ వేశారు. వేసి, మాట్లాడుతూనే, సోఫా వెనక చెయ్యి పెట్టి కర్ర తీశారు. నేను చూశాను. నాన్నా అని అరిచేలోపే అయిపోయింది. అప్పటికే జోరుగా తిరుగుతున్న ఫ్యానులోకి నాన్న, అలవాటుగా, ఎంతో ప్రేమగా కర్ర పెట్టారు. టకామని చప్పుడై కర్ర ఆయన చేతిలోంచి ఎగిరి వెళ్ళి సోఫాలో ఆవిడ పక్కనే కూర్చుంది. దాని చివరనున్న చీపురు పుల్లలు మాత్రం విడివిడిగా అందరి మీదా అక్షింతల్లా రాలాయి. ఆవిడ జుట్టులోంచి ఒక పుల్ల తీసి, తిప్పి చూసి, టీపాయ్ మీద పెట్టింది. కొడుకు నేల చూపులు చూస్తున్నాడు. 

"పచ్చడి తిప్పమ్మా, నేను అట్లు వేస్తున్నా" అని అమ్మ వంటింట్లోంచి పిలిచింది. బతికాననుకుని వెళ్ళాను. నాన్న మీదా తమ్ముడి మీదా ఎంత మండిపోతున్నానో చెప్పలేను. ఒక్క పూట, ఒక్క పూట జాగ్రత్తగా ఉండలేరా అని లోపల తిట్టుకుంటూ, అల్లం, ఎండుమిర్చి, చింతపండు జార్‌లో వేసి, అవి నానిన నీళ్ళు పోసి, జార్‌ని కాస్త పక్కకి తిప్పి నిలబెట్టి, ఎడమ అరచేత్తో మూత అదిమి, పొట్టతో మిక్సీని గోడకి నొక్కి, ఒక్కసారిగా రెండో స్పీడుకి తిప్పాను.

ఆ తర్వాత జరిగింది అమ్మ చెప్తేనే నాకు తెలిసింది. జార్ సరిగ్గా కూర్చోకపోవడంతో పైకి లేచిందట. మూత ఒక వైపు, జార్ ఇంకో వైపు పోయాయట. పచ్చడి మాత్రం ఎటూ పోకుండా మొత్తం నా మొహానే కొట్టింది. కళ్ళల్లో అల్లం, మిర్చీ కలిసి భగ్గుమన్నాయి. కెవ్వుమంటూ, గోడలు తడుముకుంటూ, హాలు మధ్యలోంచి, కాబోయే అత్తగారి ముందునుంచి బాత్రూంలోకి పరిగెత్తాను. లోపలికెళ్ళి ఏం చేశానో ఇక చెప్పక్కర్లేదు. పాదం పెట్టి పైకి లేపి, భుజంతో ఒక్క నెట్టు నెట్టి గడియ పెట్టాను. తిన్నగా నిలబెట్టిన తలుపు వంకరగా పైకెక్కి కూర్చుంది. గడియ ఎక్కడో ఇరుక్కుపోయింది. కళ్ళు కడుక్కుని లాగితే రాదు. తోస్తే కదలదు.

బయట గొంతులు మొదలయ్యాయి. "కాలుతో లేపు తల్లీ, కాలుతో" అని నాన్న. "లేపబట్టే కదండీ ఇంత వచ్చింది" అని అమ్మ. టెస్టర్ అన్న కోసం తమ్ముడు మెట్లు దిగి పరిగెత్తిన చప్పుడు. నేను బకెట్ బోర్లించి దాని మీద కూర్చున్నాను. పట్టుచీర నిండా పచ్చడి. అయిపోయింది, అంతా అయిపోయింది అని ఏడవడం మొదలుపెట్టాను. ఆవిడ ఏమంటుందో నాకు తెలుసు. వద్దంటుంది. వాడు మళ్ళీ అడగడు. రేపు ఆఫీసుకి ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలి. అసలు రేపటికైనా ఇందులోంచి బయటపడతానా.

అప్పుడు వినిపించింది ఆ గొంతు. "జరగుండ్రి. అందరు జర వెనక్కి జరగుండ్రి." నిండిపోయిన బస్సులో చివరి సీటు దాకా వినపడే గొంతు అది. అమ్మా నాన్నా జరిగిన చప్పుడు వినిపించింది. (బకెట్ మీదున్నదాన్ని, నేనూ కాస్త జరిగాను.)

"బిడ్డా, కండ్లు కడుక్కున్నవా?"

"కడుక్కున్నానండీ. మండుతున్నాయి."

"నీళ్ళు కొట్టుకుంటనే ఉండు. రుద్దకు. గడియ ముట్టకు, ఇంకింత బిగుస్తది." తర్వాత ఆ గొంతు నాన్న వైపు తిరిగింది. "ఈ తలుపు ఎప్పటి సంది సతాయిస్తున్నదన్నా?"

 నాన్న చాలా నెమ్మదిగా, "అది సతాయించడం నిన్ననే మానేసిందమ్మా" అన్నారు. ఇక ఆగలేదు. ఫ్యాను సంగతి, మిక్సీ సంగతి, బెల్లు సంగతి, టెస్టర్ అన్న వచ్చిన సంగతి, అన్నీ చెప్పేశారు. "మా అమ్మాయి భయపడిందమ్మా, మీరేమనుకుంటారోనని. అన్నీ బాగుచేయించాం. బాగుపడ్డవాటిని వాడటం మాకు రాలేదు." లోపల నేను రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాను, అదీ మండింది.

 బయట ఏదో వింత చప్పుడు. ఏమిటా అని చెవి తలుపుకి ఆనించాను. ఆవిడ నవ్వుతోంది. ముందు చిన్నగా మొదలై, ఆపుకోలేక, గోడకి ఆనుకుని నవ్వుతోంది. "మా బస్సు గేరు గూడ ఇట్లనే సతాయిస్తుండె అన్నా. మా డ్రైవర్ రెండు చేతులతోని గుంజి వేస్తుండె. ఒకసారి డిపోల మంచిగ చేసి ఇచ్చిండ్రు. తెల్లారి ఆయన అట్లనే గుంజిండు, గేరు రాడ్డు చేతికొచ్చింది. విద్యానగర్ కాడ బస్సాపి అందరిని దించిన."

నాన్న నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. ఆవిడ ఊపిరి తీసుకుని, గొంతు తగ్గించి అంది. "ఒక మాట చెప్తా, ఏమనుకోకుండ్రి. వద్దని చెప్పి పోదామనే వచ్చిన. వీడు చెప్పింది ఇని, మీది అన్నీ చక్కగ పెట్టుకునే ఇల్లనుకున్న. మా ఇల్లు చూస్తే ఈ పిల్ల ఒక్క దినం ఆగదు అని నా పరేషాను. మా మోటర్ స్విచ్ కట్టెపుల్లతోని వెయ్యాలె. బీరువ తెరవాలంటే నేనో దిక్కు, వీడో దిక్కు పట్టి లేపాలె."

"ముందు ఏ పక్క లేపాలమ్మా?" అన్నారు నాన్న. ఆ గొంతులో అంత ఆసక్తి నేనెప్పుడూ వినలేదు.

"ఎడమ దిక్కు."

"మాదీ అంతేనమ్మా," అన్నారు నాన్న తృప్తిగా.

మళ్ళీ తలుపు దగ్గరకి గొంతు వచ్చింది. "బిడ్డా, ఇంటున్నవా? కట్టెపుల్లతోని మోటర్ వేస్తవా?"

"వేస్తానండీ."

"వంకర పెడితే చెయ్యి తగిలి జర్రంత షాక్ కొడతది. ఏడుస్తవా?"

"ఏడవనండీ" అన్నాను, వెక్కుతూనే.

"అయితే మంచిది" అంది ఆవిడ. మా పెళ్ళి కుదిరింది ఆ మాటతోనే. తాంబూలాలు, ముహూర్తాలు అన్నీ ఆ తర్వాత పద్ధతి ప్రకారం జరిగాయి గానీ, నా లెక్కలో అసలైనది అది. పెళ్ళికూతురు బాత్రూంలో, అత్తగారు బయట, మధ్యలో ఇరుక్కున్న గడియ.

టెస్టర్ అన్న వచ్చి, "నిన్న మంచిగ చేసి పోయిన గదా సార్" అని నొచ్చుకుంటూ స్క్రూలు విప్పి తలుపు మొత్తం ఊడదీశాడు. కళ్ళు వాచిపోయి నాకు ఎవరూ సరిగ్గా కనపడలేదు. నీలం రంగు ఒకటి దగ్గరగా వచ్చింది. ఆవిడ కొంగు తడిపి నా కళ్ళ మీద పెట్టి, రెండు చేతులతో నా తల పట్టుకుని నిలబడింది. ఎంత హాయిగా ఉందో, ఆ కొంగు తీస్తే బాగుండదని అలాగే ఉండిపోయాను. అత్తమ్మని నేను మొదటిసారి దగ్గరగా చూసిన రోజు అదే, తీరా చూస్తే చూడనే లేదు.

ఇప్పుడు అత్తమ్మ రిటైరై ఇంట్లోనే ఉంటుంది. మా ఇద్దరికీ పోట్లాటలు లేవని అబద్ధం చెప్పను, అప్పుడప్పుడూ ఒకరినొకరు బాగానే సతాయించుకుంటాం. ఆ ఆదివారం గుర్తొచ్చినప్పుడల్లా నాకు నవ్వొచ్చేది నాన్నని చూసో, కర్రని చూసో కాదు, బకెట్ మీద కూర్చున్న ఆ పట్టుచీర పిల్లని తలుచుకుని. ఎంత నమ్మకంగా ఏడ్చిందో పాపం, జీవితం అక్కడితో సరి అనుకుని. చాలా ఏళ్ళ తర్వాత మా ఆయన చెప్పాడు. ఆ పిల్ల లోపల అలా వెక్కివెక్కి ఏడుస్తున్నప్పుడు, గొంతులో నవ్వు ఇంకా ఆగకముందే, వాళ్ళమ్మ మా అమ్మ చెయ్యి పట్టుకుని వంటింటి వైపు చూపించి, గుసగుసగా, "వదినె, పిల్ల బయటికొచ్చేసరికి ఆకలైతది, దానికి గూడ ఒక అట్టు వెయ్యి. పచ్చడి వద్దు" అందట.